చెరువు కొట్టంలో ఓబులేసు గొంతు

అక్కమ్మకు ఉన్న భయాలన్నీ కొడుకు చుట్టూనే తిరిగేవి. వాడు చేనికి పోతే ఆమెకు పాము కనపడేది. బావికి పోతే పాచి పట్టిన మెట్టు కనపడేది. రైలెక్కితే పట్టాలు విడిపోయేవి. ఏ పనీ లేక ఇంట్లో పడుకుంటే, వాడి తలకు సరిగ్గా పైన ఉన్న దూలం కనపడేది.

“దూలం ఎందుకు పడతాదే? నేనే గదా ఎత్తి పెట్టింది” అని మొగుడు నారాయణప్ప నవ్వేవాడు.

“నువ్వు ఎత్తినావనే నా భయం” అనేది అక్కమ్మ.

పెనుకొండ గుట్టల అవతల వాళ్ల ఊరు. వానొస్తే చెనిక్కాయ, రాకపోతే గొర్రెలు. ఓబులేసుకు ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. వీడొక్కడే దక్కాడు. దక్కినవాడు గమ్మున సేద్యం చేసుకుని ఉంటే ఆమె భయం ఊరి పొలిమేర దాటేది కాదేమో. కానీ దేవుడు వాడికి గొంతు ఇచ్చాడు. గొర్రెల వెంట పోయి గుట్ట మీద పద్యం ఎత్తుకుంటే, కింద మడికి నీళ్లు కట్టేవాళ్లు పార ఆనించి నిలబడి వినేవాళ్లు. ఊళ్లో రామాంజనేయులు తాత అని ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాలాడినవాడు. ఆయనే పిలిచి వాడికి రాగం, తాళం నేర్పాడు. నేర్పిన ఆ తాతకు మాత్రం గొంతు లేదు. పగిలిన కుండలో గులకరాళ్లు కదిలినట్టు మాట్లాడేవాడు.

“తాంబూలంలో సింధూరం పెట్టి ఇచ్చినార్రా నాకు. పక్క వేషగాడే. రాత్రి నవ్వుకుంటా తిన్న్యా, తెల్లారి లేస్తే గొంతు లేదు” అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. నాటకాలవాళ్లందరికీ ఇది తెలిసిన మాటే. అందుకే ఎవరి ఆకు వక్క సంచి వాళ్లే మొలకు కట్టుకుని తిరుగుతారు. పక్కవాడు ప్రాణమిచ్చే స్నేహితుడైనా సరే, వాడి చేతి ఆకు మాత్రం తినరు.

ఆ మాట విన్న రోజు నుంచి అక్కమ్మ భయాల్లో పాముకన్నా పైమెట్టున సింధూరం కూర్చుంది.

ఆ ఏడాది ధర్మవరం చెరువు నిండింది. ఎన్నో ఏండ్ల తర్వాత, నిండిన నీళ్లు పొర్లిపోయే మరవ మీద నీళ్లు దుమికాయి. కరువు సీమలో నీళ్లే తిరునాళ్ల. ఎక్కడెక్కడి వాళ్లో బండ్లు కట్టుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, ఒట్టి నీళ్లు చూడటానికి వచ్చారు. హిందూపురంలో బెల్లం మండీ నడిపే వెంకటప్ప ఆ జనాన్ని చూశాడు. “నీళ్లు చూడను వచ్చినోళ్లు నాటకం చూడకుండా పోతారా?” అన్నాడు. నీటి అంచున, గట్టు కింద మెరక మీద, పెద్ద రేకుల కొట్టం లేపాడు. అంత పెద్ద కొట్టం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. స్టేజీ వీపు చెరువు వైపు. కప్పు అంచుల చుట్టూ ఎరుపు, పచ్చ బల్బులు. దీపాలు పెట్టే వేళకు అవి నీళ్లలో పడి వణుకుతూ ఉంటే, లోపల నాటకం మొదలు కాకముందే బయట ఒక నాటకం జరుగుతున్నట్టు ఉండేది. ఒకరోజు హరికథ, ఒకరోజు బెంగళూరు బ్యాండు, ఒకరోజు డాన్సులు, తక్కిన రోజులన్నీ పద్య నాటకం. మగ్గం దిగిన నేతగాళ్లు, రైలు దిగిన పెనుకొండ వాళ్లు, సోడాలమ్మేవాళ్లు, మరమరాలమ్మేవాళ్లు. జనం దాన్ని చెరువు కొట్టం అనేవాళ్లు.

పెనుకొండ పరసలో, జాతర జనం మధ్య, ఓబులేసు పాడగా వెంకటప్ప విన్నాడు. వినీ వినగానే రాజు వేషం ఇస్తానన్నాడు.

అక్కమ్మ అన్నం మానేసింది. నారాయణప్ప నచ్చచెప్పాడు. ఆఖరికి, “యవురి చేతి ఆకూ తిననని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు” అంది. ఓబులేసు చెప్పాడు. చెప్పి రైలెక్కాడు.

కొన్నాళ్లు ఓర్చుకుని, సంగటి ముద్దలూ చెనిక్కాయల పొడీ మూటగట్టుకుని ఆమె కూడా ధర్మవరం రైలెక్కింది.

కొట్టం వెనక, చెరువులోకి దిగే బండల దగ్గర, వేషాలేసుకునే గది. నడివయసు ఆడమనిషి ఒకతె ఎదురొచ్చింది. పేరు శ్యామలమ్మ, రాణి వేషం వేస్తుంది. హిందూపురం మనిషి, మాటలో సగం కన్నడం.

“బన్నిమ్మా, రండి. ఓబులేసు వాళ్లమ్మ గదా మీరు? చూస్తానే తెలిసిపాయ.”

“ఎట్ల తెలిసె? వాడు నా పోలిక గాదే, వాళ్ల నాయన పోలిక” అంది అక్కమ్మ.

“పోలిక గాదమ్మా. వచ్చినప్పట్నుంచి కరెంటు తీగ పక్కే చూస్తాండారు. మీవాడు చెప్పినాడు. మా యమ్మ వస్తే ముందు తీగలు చూస్తాది, తర్వాత నీళ్లు చూస్తాది, ఆఖర్న నన్ను చూస్తాది అని.”

గదిలో అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. అక్కమ్మ పెదాలు నవ్వాయి గానీ లోపల ఎక్కడో ముల్లు దిగింది. ఇంట్లో మాటలు వీడు ఈమెకు చెబుతాడా? ఈమె ఎవరు?

“అక్కా, మా యమ్మ తెచ్చిన సంగటి తిను” అని ఓబులేసు ఒక ముద్ద శ్యామలమ్మకు ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. “నీకు తెచ్చింది నువ్వు తినప్పా. నాకొద్దు” అంది. నాటకాల మనుషుల పద్ధతి అది, ఇవ్వరు, తీసుకోరు. అక్కమ్మకు మాత్రం అది కూడా అనుమానంగానే తోచింది.

ఆ సాయంత్రం ఆమె నేల తరగతిలో ఆడవాళ్ల పక్క కూర్చుంది. తెర లేచింది. కిరీటం పెట్టుకున్న తన కొడుకును తానే గుర్తుపట్టలేదు. వాడు పద్యం ఎత్తుకున్నాడు. రాజ్యం పోయి అడవిపాలైన రాజు బాధ అది. రాగం తీస్తూ తీస్తూ వాడు పైకి పోతుంటే, రేకుల కప్పు పగిలి ఆ గొంతు చెరువు మీదికి వెళ్లిపోతుందేమో అనిపించింది. పద్యం ముగియగానే కొట్టమంతా లేచి “ఒన్సుమోర్!” అంది. వాడు మళ్లీ పాడాడు. మళ్లీ “ఒన్సుమోర్!” మూడోసారికి వాడి మెడ నరం వేలు లావున ఉబ్బింది. అంత జనంలో ఆ నరాన్ని చూసింది అక్కమ్మ ఒక్కతే.

పక్కన కూర్చున్న నేతగాళ్ల ఆడమనిషి చప్పట్లు కొట్టి మళ్లీ అరిచింది.

“ఊరుకోమ్మా” అంది అక్కమ్మ. “వాని గొంతేమన్నా నూలనుకున్నావా, లాగేకొద్దీ వచ్చేదానికి?”

“నూలో పట్టో, టిక్కెట్టు కొనుక్కొని వచ్చినాం, పాడనీ. నీకేమి కడుపునొప్పి?” అని ఆమె చేయి విసిరి, అంతలోనే కరిగిపోయి, “యవురి బిడ్డో గానీ, కన్న కడుపు సల్లగుండ!” అంది.

నా బిడ్డే అనే మాట అక్కమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దిష్టి తగులుతుందని మింగేసింది. ఆ మాట మింగినందుకు ఆమె తర్వాత ఎంతకాలం ఏడ్చిందో! అట్లా చెప్పుకునే అవకాశం మళ్లీ రాలేదు.

చలికాలం వచ్చింది. చెరువు మీది గాలి స్టేజీ వెనక రేకుల సందుల్లోంచి కోతగా వచ్చేది. ఓబులేసు కొన్నాళ్లు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి “అమ్మా” అన్నాడు. ఎవరో కొత్తవాడు పిలిచినట్టు అక్కమ్మ ఉలిక్కిపడి తిరిగింది. గొంతుకు బొంగురు పట్టింది. మనిషి సగమయ్యాడు. సంగటి ముద్ద మింగలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“ఏమైనాది నాయనా?”

“ఏం లేదుమా. గాలికి. శ్యామలక్క మిరియాల పాలు కాంచి ఇస్తాండాది. ఆకులో లవంగం పెట్టి ఇస్తే కొంచెం నయంగా ఉంటాది.”

అక్కమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “యవురి చేతి ఆకు?”

వాడు తల దించుకున్నాడు. “ఆమె అట్లాంటిది గాదుమా. పెద్దాసుపత్రికి పోయి చూపించుకో, గొంతులోకి అద్దం పెట్టి చూసే డాక్టరు ఉండాడు అని రోజూ పోరు పెడతాండాది.”

“నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినావు గదరా!”

నారాయణప్ప అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. “ఏమ్మే, మిరియాలు పెట్టినోళ్లంతా విషం పెట్టినట్లేనా? ఆయమ్మ చెప్పేది బాగనే ఉండాది. ఆసుపత్రికి పోయొస్తే పోయేదేముండాది?”

“ఆసుపత్రికి పోతే కోస్తారు. గొంతు కోసినంక పాట యాడ నుంచి వస్తాది? నీకు తెల్దు, నువ్వు గమ్మునుండు. తాతకు గూడ ఇట్లే పోయె.”

రామాంజనేయులు తాత వచ్చి వాడి గొంతు విన్నాడు. తన గొంతు తడుముకుని, “నా మాదిరే ఉండాదమ్మా” అన్నాడు. ఇంకేం కావాలి? అక్కమ్మ మనసులో అది రాతి మీద గీత.

మర్నాడే ఆమె ధర్మవరం పోయింది. వేషాలేసుకునే వేళకు, గది నిండా మనుషులున్నప్పుడు లోపలికి దూసుకుపోయింది.

“ఏమే! నా బిడ్డ నీకేం చేసినాడే? వానికి చప్పట్లు కొడతాంటే నీకు కడుపు మండెనా?”

శ్యామలమ్మ అద్దం ముందు నుంచి లేచింది. “ఏమంటాండారమ్మా?”

“ఆకులో ఏం పెట్టి ఇచ్చినావు? చెప్పు!”

శ్యామలమ్మ మొలలో సంచి తీసి, కింద కుమ్మరించింది. ఆకు, వక్క, సున్నంకాయ, లవంగాలు. “ఇదోమ్మా నా సంచి. చూడండి.”

అక్కమ్మ చూపు ఆ సంచి మీద లేదు. అద్దం ముందు డబ్బా మూతలో ఎర్రగా పొడి ఉంది. “అయితే ఇదేంది?”

“అది నొసట పెట్టుకునే సింధూరం తల్లీ. రాణి వేషానికి బొట్టు లేకుంటే ఎట్ల? అందరి కాడా ఉంటాది.”

నిజమే, అందరి దగ్గరా ఉంది. ఒక్కరు కూడా ఆ మాట పైకి అనలేదు. హార్మోనిస్టు తన ఆకు సంచి తడుముకున్నాడు. మంత్రి వేషగాడు తన మంచినీళ్ల చెంబు మెల్లగా కాలితో అవతలికి జరుపుకున్నాడు. ఎవరూ ఎవరినీ నెట్టలేదు గానీ, కాసేపటికి శ్యామలమ్మ చుట్టూ గచ్చు ఖాళీగా కనపడింది.

వెంకటప్ప వచ్చాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. వ్యాపారస్తుడు. “నిజమో అబద్ధమో నాకొద్దప్పా. మాట పుట్టినాది. ఇంగ ఈమెతో కలిసి ఎవురూ నీళ్లు గూడ తాగరు. ఆట ఎట్ల సాగాల?” అన్నాడు.

శ్యామలమ్మ ఏడవలేదు. చీరలు పెట్టెలో పెట్టుకుంది. పోతూ పోతూ అక్కమ్మ ముందర నిలబడింది.

“నన్ను అన్నది అన్నారు. వాన్ని మాత్రం డాక్టరుకు చూపించండమ్మా. వాడు దగ్గినప్పుడు గుడ్డ దాచిపెడతాండాడు. ఏం దాస్తాండాడో నేను చూడల్యా. మీరు చూడండి.”

ఎంత జాణ! అనుకుంది అక్కమ్మ. చేసిందంతా చేసి డాక్టరు మీదికి తోస్తోంది.

నంబులపూలకుంట దగ్గర ఒక పల్లెలో యల్లక్క అనే ముసలామె ఉంది. పెట్టుడు మందు కక్కించడంలో ఆమెకు పేరు. దుడ్లు అడిగేది కాదు. టెంకాయ, ఆకు వక్క పెడితే చాలు. మోసం చేసే మనిషి కాదు. తన అత్త దగ్గర నేర్చుకున్నది నమ్మి చేసేది. ఆమె ఓబులేసు చేయి పట్టుకుని, కంటి రెప్ప లాగి చూసి, “పెట్టినారు తల్లీ. కడుపులో కాదు, గొంతులోనే పట్టుకోనుండాది” అంది.

వాడిని పరగడుపున కూర్చోబెట్టి ఏదో ఆకు పసరు తాగించింది. పొయ్యిలోని బూడిద తెచ్చి ముందర నేల మీద పరిచింది. వాడు పేగులు తెగేటట్టు కక్కాడు. కక్కీ కక్కీ ఆఖరికి దగ్గాడు. తెల్లటి బూడిద మీద ఎర్రగా ఒక చార పడింది.

“చూసినావా?” అంది యల్లక్క. “అదో, సింధూరం.”

అక్కమ్మ ఆమె కాళ్ల మీద పడిపోయింది. పట్టలేని సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సింధూరం బయటికి వచ్చేసింది. తన బిడ్డ గొంతులో ఎవరో దాచిన పాపం బయటికి వచ్చేసింది.

“అమ్మా, గొంతు మండుతాండాది” అన్నాడు ఓబులేసు. గాలి తప్ప మాట రాలేదు.

“పోతాండాది నాయనా, పోతాండాది. అందుకే మంట.”

ఎండాకాలమంతా వాడిని యల్లక్క ఊరి దావన తిప్పింది. బస్సు దిగి, ఎండలో నడిచి, పసరు తాగించి, మళ్లీ నడిచి. పోయిన ప్రతిసారీ బూడిద మీద ఎరుపు ఎక్కువయ్యేది. ఎక్కువైన ప్రతిసారీ ఆమె ఇంకా సంతోషపడేది.

నారాయణప్ప ఒకసారి అడిగాడు. “ఆకులో అంత సింధూరం యాడ పడతాదే? ఇన్నిసార్లు కక్కినా అయిపోదా?”

ఆ మాటకు అక్కమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం ఆమె ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోరకంగా ఉండేది. కానీ భయానికి జవాబులు తొందరగా దొరుకుతాయి. “రోజూ పెట్టింటాది, ముండ” అంది.

తొలి వానలకు విత్తనం వేసేటప్పుడు ఓబులేసు చేలో పడిపోయాడు. నారాయణప్ప ఈసారి పెండ్లాన్ని అడగలేదు. కొడుకును బండిలో వేసుకుని పెనుకొండ స్టేషనుకు తోలాడు. అక్కమ్మ చెప్పుల్లేకుండా బండి వెనక పరుగెత్తి ఎక్కింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు నొసట అద్దం కట్టుకుని వాడి నోట్లోకి చూశాడు. చూస్తూనే అడిగాడు. “దగ్గితే నెత్తురు పడుతోందా?”

“నెత్తురు కాదు సామీ” అంది అక్కమ్మ. చదువుకున్నాయనకు తెలియనిది చెబుతున్నట్టు ఓపికగా చెప్పింది. “సింధూరం. వానికి పెట్టినారు. కక్కిస్తాండాం. శానా భాగం వచ్చేసినాది, ఇంగ రవ్వంత ఉండాది.”

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆయన ఒక తెల్ల గుడ్డ తెప్పించి ఓబులేసు నోటి దగ్గర పెట్టాడు. వాడు దగ్గాడు. ఆ గుడ్డను తెచ్చి కిటికీ పక్కన, ఎండపొడలో పరిచి, “కొంచెంసేపు దీని దగ్గర కూర్చో తల్లీ” అని వేరే రోగి దగ్గరికి వెళ్లాడు.

ఆమె కూర్చుంది. గొర్రెల ఈతలు చూసిన మనిషి, జాతరలకు కోళ్లు కోసిన చేయి. ఆమెకు నెత్తురు తెలియదా? గుడ్డ మీద ఎరుపు ఎండుతూ వచ్చింది. అంచుల్లో ముందు ముదురు రంగుకు తిరిగింది. తర్వాత నల్లబడింది. సింధూరం ఎండితే నల్లబడదు. ఎన్నేళ్లయినా అది ఎర్రగానే ఉంటుంది.

యల్లక్క ఇంటి ముందర బూడిద కూడా ఇట్లాగే నల్లబడేది. ఆమె చూసింది. తన చేతులతోనే ఊడ్చి పారపోసింది.

అక్కమ్మ అరవలేదు. రెండు చేతులతో కిటికీ కమ్మీలు పట్టుకుని, నుదురు వాటికి ఆనించి, లోపల్లోపల ఒక మూలుగు మూలిగింది. నారాయణప్ప వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకుంది.

“ఊపిరితిత్తుల్లో మొదలైన క్షయ, గొంతుకు పాకింది” అన్నాడు డాక్టరు. “సూదులేస్తే ప్రాణం నిలబడుతుంది. గొంతు సంగతి మాత్రం నన్ను అడగొద్దు. మొదట్లో వచ్చి ఉంటే...” అని ఆమె ముఖం చూసి ఆపేశాడు.

సూదులకు ప్రాణం నిలబడింది. జన్మంతా ఏ చావుకు భయపడిందో ఆ చావు రాలేదు. వాడు అన్నం తిన్నాడు, ఒళ్లు చేశాడు, నడిచాడు. నోరు తెరిస్తే మాత్రం, కొలిమి తిత్తిలో గాలి వచ్చినట్టు ఒక బుస. ఏ మాటకైనా అదే బుస.

ఒక్కసారైనా వాడు తనను తిడతాడని ఆమె కాచుకుంది. తిట్టడానికి గొంతు లేకపోతే చేయి ఎత్తుతాడని, కంచం విసిరేస్తాడని కాచుకుంది. వాడు ఏదీ చేయలేదు. పెట్టింది తిని, చెంబుతో నీళ్లు తాగి లేచేవాడు.

శ్యామలమ్మ మీద తాను వేసిన నింద తీయాలని ఆమె మొదట చెరువు కొట్టానికి పోయింది. నీళ్లు బాగా వెనక్కి పోయాయి. కొట్టం వెనక నెర్రెలు బారిన బురద, అందులో ఇరుక్కున్న సోడా బుడ్లు. బల్బుల్లో సగం వెలగడం లేదు. నీళ్లు పోయాక జనం కూడా పలచబడ్డారు. వెంకటప్ప రేకులు విప్పించే ఆలోచనలో ఉన్నాడు.

“అప్పా, ఆయమ్మ ఏం పెట్టల్యా. నాదే తప్పు. అందరికీ చెప్పు” అంది అక్కమ్మ.

వెంకటప్ప ఆమెను జాలిగా చూశాడు. “నీది పెద్ద మనసు తల్లీ. బిడ్డ గొంతు తీసినదాన్ని గూడ కాపాడను చూస్తాండావు.”

“కాదప్పా! డాక్టరు చెప్పినాడు.”

“డాక్టర్లకు ఇవన్నీ యాడ తెలుస్తాయి తల్లీ.”

గదిలో ఉన్న వేషగాళ్లు అందరూ తలలూపారు. ఆమె ఎంత చెబితే అంత ఊపారు.

అక్కడ అడిగి తెలుసుకుని హిందూపురం పోయింది. బజారు వెనక సందులో, కొట్టు ముందర ఆడవాళ్లు వరసగా కూర్చుని చింతపండు గింజలు కొడుతున్నారు. వాళ్లలో శ్యామలమ్మ ఉంది. చేతులు నల్లగా, జిగటగా ఉన్నాయి. అక్కమ్మను చూసి సుత్తి ఆపింది.

“బతికినాడా?” అని అడిగింది. మొదటి మాట అదే.

“బతికినాడు.”

“గొంతు?”

అక్కమ్మ తల అడ్డంగా ఊపింది. శ్యామలమ్మ చేతిలో సుత్తి మెల్లగా కింద పెట్టింది. పక్క ఆడవాళ్లు కూడా కొట్టడం ఆపారు.

“కొట్టానికి పోయినా. నాదే తప్పని చెప్పినా” అంది అక్కమ్మ.

“ఏమన్నారు?”

“నమ్మల్యా.”

శ్యామలమ్మ నవ్వింది. నవ్వితే ఇంకా రాణిలాగే ఉంది. “నన్నిప్పుడు ఏమంటారో తెల్సా మీకు? సింధూరం శ్యామల. మడకశిరలో అడిగినా, తుమకూరులో అడిగినా. ఏ కంపెనీకి పోయినా, నా కన్నా ముందు నా పేరు పోయి కూచోనుంటాది. మీరు ఒక పొద్దు అరిచినారు, అంతే. ఇంగ దాన్ని ఆపను మీ చేత గాదు, నా చేత గాదు.”

అక్కమ్మ కాళ్ల మీదికి వంగబోయింది. శ్యామలమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

“వద్దమ్మా. మీ మీద కోపం లేదని అనను. ఉండాది. ఉంటాది గూడ. అయితే వాడు నన్ను అక్కా అని పిలిచినాడు. వాన్ని ఇంట్లో ఒంటిగా వదిలిపెట్టి ఊరూరూ తిరగద్దండి. పోండి.”

సుత్తి తీసుకుని మళ్లీ గింజ కొట్టసాగింది. కాసేపటికి పక్కవాళ్లు కూడా మొదలుపెట్టారు. ఆ చప్పుడులో అక్కమ్మ సందు చివరిదాకా నడిచి, రైలు స్టేషను ఎటో అడగాలని కూడా తోచక, ఎండలో నిలబడిపోయింది.

ఓబులేసు మళ్లీ గొర్రెలకు పోతున్నాడు. మొదట్లో గొర్రెలు వాడి మాట వినేవి కావు. అదిలించడానికి వాడి దగ్గర కేక లేదు. రాళ్లు విసిరి, కట్టె నేల మీద కొట్టి, ముందుకు పరుగెత్తి అడ్డం నిలబడి, ఎట్లాగో అలవాటు చేశాడు. నారాయణప్ప చూసీ చూడనట్టు కట్టెకు ఇనుప పొన్ను వేయించి ఇచ్చాడు. చప్పుడు బాగా వస్తుందని.

పొద్దు గూకే వేళకు మంద రాకపోతే అక్కమ్మ దొడ్డి దగ్గర నిలబడి గుట్ట వైపు కేకేసేది. “ఓబులేసూ!”

ఏ తల్లి అయినా అట్లాగే పిలుస్తుంది. అవతలి నుంచి “ఆ!” అని ఒక్క మాట వస్తే చాలు, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంటుంది. వాడు ఆ గుట్ట మీదే ఉండవచ్చు. ఆమె కేక విననూవచ్చు. అయినా ఆ ఒక్క మాట రాదు. రాదని తెలిసీ ఆమె పిలుస్తుంది. పిలిచి, చెవి అటు పెట్టి నిలబడుతుంది. తర్వాత కొంగు దోపుకుని గుట్ట ఎక్కుతుంది. పామూ, జారే రాయీ, పట్టు తప్పిన కాలూ అన్నీ కళ్ల ముందర కదులుతుంటే ఎక్కుతుంది. వాడిని కళ్లతో చూస్తే తప్ప వాడు ఉన్నాడని తెలుసుకునే దారి ఆమెకు ఇంకొకటి లేదు.

ఆ రోజూ అట్లాగే ఎక్కింది. వాడు బండ మీద కూర్చుని, కాలిలో దిగిన ముల్లు తీసుకుంటున్నాడు. ఆమెను చూసి, ఎందుకొచ్చినావన్నట్టు చేయి తిప్పాడు.

“ఏం లేదు నాయనా. ఊరికే వచ్చినా” అంది.

మందను మళ్లించుకుని ఇద్దరూ దిగసాగారు. దావ సన్నం. అక్కమ్మ ముందు, వాడు వెనక. నాలుగు అడుగులకు ఒకసారి ఆమె వెనక్కి తిరిగి చూసింది. గొర్రెల గిట్టల చప్పుడులో వాడి అడుగు వినపడదు. పడిపోయినా, ఆగిపోయినా పిలవలేడు. తిరిగి చూసింది. మళ్లీ తిరిగి చూసింది. ఒకసారి అట్లా చూస్తూ రాయి తట్టుకుని తూలింది.

వాడు వచ్చి ఆమె మోచేయి పట్టుకుని నిలబెట్టాడు. కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చేయి వదిలి, గొర్రెల్ని పక్కకు తోసుకుంటూ, ఆమెను దాటి ముందుకు వచ్చాడు.

ఇంటి వరకూ వాడు ముందరే నడిచాడు, తల్లికి తన వీపు కనపడేటట్టు, మెల్లగా.